చిన్నబ్బాయి, అల్లుడుగారు, వంటింటి కిటికీ

వంటింటి కిటికీ పిడి నా చేతిలోకే ఊడి వచ్చింది. అంతకు ముందు చాలా రోజులుగా అది ఊడదామనే చూస్తోంది. ఊడే సమయానికి తిప్పుతున్నది నేను కావడం కాకతాళీయం. కానీ పక్కనే మా అత్తగారు ఉల్లిపాయలు తరుగుతున్నారు కాబట్టి నేనే పీకేసినట్టు నాకనిపించింది. ఆవిడకు మాత్రం అలా అనిపించలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

"అయ్యో, అక్కడ పెట్టెయ్యండి అల్లుడుగారూ. మీకెందుకీ పనులు, చెయ్యి గీసుకుంటుంది. ఆదివారం చిన్నబ్బాయి వస్తాడుగా, వాడు చూసుకుంటాడు."

చిన్నబ్బాయి అంటే మా తోడల్లుడు, నా మరదలి భర్త. అత్తగారికి మగపిల్లలు లేరు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, చిన్నమ్మాయిని అతను చేసుకున్నాడు. రెండు కుటుంబాలూ ఈ దేశం వచ్చి గంగాలిన్ పేటల్లోనే ఉంటాయి, కారులో ఒక పాట పూర్తయ్యేంత దూరంలో. ఇద్దరమూ ఒకేలా సంబంధం కుదిరి ఆ ఇంటికి అల్లుళ్ళమైన వాళ్ళమే. కాలక్రమంలో అతను చిన్నబ్బాయి అయ్యాడు, నేను అల్లుడుగారిగానే మిగిలాను. చిన్నబ్బాయి ఉన్నాడంటే లెక్క ప్రకారం పెద్దబ్బాయి అనే పోస్టు కూడా ఒకటి ఉండాలి. అది ఖాళీగా పడి ఉంది. సీనియారిటీ చూస్తే నాకే రావాలి. ప్రభుత్వ శాఖలో ఉద్యోగం చేసేవాణ్ణి, ఇలాంటి విషయాల్లో నాకు కాస్త పట్టింపు ఎక్కువ.

దీనంతటికీ మూలం ఒక మిక్సీ. అతని పెళ్ళయిన వారంలోనే తెనాలిలో అత్తగారింట్లో మిక్సీ ఆగిపోయింది. కొత్త అల్లుడు లుంగీ ఎగ్గట్టి వంటింటి గుమ్మంలో చతికిలబడి, దాన్ని ముక్కముక్కలుగా విప్పి, లోపల ఇరుక్కున్న చింతగింజ ఒకటి తీసి చూపించి, మళ్ళీ బిగించాడు. అది గిర్రున తిరిగింది. ఆ పూట నుంచీ అతను ఇంట్లో మనిషి. నా పెళ్ళయిన వారంలో కూడా ఆ ఇంట్లో ఏదో ఒకటి చెడిపోయే ఉంటుంది. నేను మాత్రం హాల్లో ఫ్యాను కింద పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. అల్లుడనేవాడు అలాగే కూర్చోవాలని మా వాళ్ళు చెప్పి పంపారు. అడక్కుండానే మంచినీళ్ళు వచ్చేవి, అడక్కుండానే రెండో గారె పడేది. నేను పొంగిపోయాను. ఆ కుర్చీలోంచి అప్పుడే లేవాల్సింది.

తోడల్లుడికి ఈ విద్య పుట్టుకతో వచ్చిందేమీ కాదు. మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో చదువుకునే రోజుల్లో ఇంటినిండా కుర్రాళ్ళతో కలిసి ఒక పాత కొంపలో అద్దెకున్నాడు. ఓనరు ఫోనెత్తే రకం కాదు గనుక తలుపులు, గీజరు, గ్యాసు పొయ్యి అన్నీ వీళ్ళే బాగుచేసుకునేవారట. నేను స్కిల్డ్ వీసా మీద భార్యాసమేతంగా దిగాను. నాకు కష్టాలు సమయానికి అందలేదు.

ఇప్పుడు అత్తగారు ఇక్కడికి వచ్చాక, ఆదివారం ఆదివారం నేను చూసేది ఇదీ. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే "ఏంటయ్యా ఆ గడ్డం, నెలరోజుల్నించీ జ్వరం వచ్చినవాడిలాగ?" అని మొదలవుతుంది. "ఆ బియ్యం బస్తా గరాజ్‌లోంచి ఇట్లా పట్రా." "ములక్కాడలు అట్లా కాదు, నీ మొహం, ఈనె తియ్యి." వీపు మీద ఒకటి పడుతుంది. ఈలోగా నేను తిన్న కంచం సింకు దాకా మోసుకెళ్ళబోతే ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి లేచి నిలబడతారు.

మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు తిట్లకు కరువు ఉండేది కాదు. ఆఫీసులో పైవాళ్ళు తిడతారు గానీ అది ఇక్కడి పద్ధతి తిట్టు. ముందు కాస్త మెచ్చుకుంటారు, చివర్లో కాస్త మెచ్చుకుంటారు, మధ్యలో ఏదో అంటారు. తిట్టారని ఇంటికొచ్చి చొక్కా విప్పుకునేటప్పుడు గానీ తెలియదు. కడుపునిండా తిట్టగల మనిషి నాకు తెలిసి ఈ దేశంలో ఒక్కావిడే ఉన్నారు. ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు. తిట్లన్నీ పక్క పేటకు పోతున్నాయి.

ఇక కిటికీ సంగతి. సింకు పైన ఉంటుంది. కింది అంచు బయటికి తెరుచుకునే రకం. గట్టు మీద చిన్న ఇనప డబ్బా, దానికి పిడి. పిడి తిప్పితే డబ్బాలోంచి గొలుసు బయటికొచ్చి రెక్కను ముందుకు నెడుతుంది. దోమతెర లోపలి వైపు బిగించి ఉంటుంది కాబట్టి చేత్తో నెట్టే వీలు లేదు. పిడి లోపలి పళ్ళు అరిగిపోయి ఊడొచ్చేసరికి కిటికీ మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోయింది. పొయ్యి పక్కనే. పొయ్యి మీద పొగ పీల్చే యంత్రం ఒకటి ఉంది గానీ అది చప్పుడు మాత్రమే చేస్తుంది.

ఆ సాయంత్రం పప్పులోకి అత్తగారు ఎండుమిరపకాయలు, ఆవాలు, ఇంగువ వేయగానే హాల్లో పొగ అలారం గుండెలు బాదుకోవడం మొదలెట్టింది. మా అమ్మాయి కుర్చీ ఎక్కి దాని కింద తువ్వాలు ఊపింది. మర్నాటి నుంచి ఆవిడ తన దారి తను చూసుకున్నారు. పోపు పెరట్లో, మా బార్బెక్యూ పొయ్యి మీద. జూలై నెల, ఇక్కడ నడి చలికాలం. పొద్దున్నే గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. చీర మీద మా ఆవిడ దూది జాకెట్టు, తల మీద నా పాత ఉన్ని టోపీ, చేతిలో పోపు గరిటె. చలిలో ఆవాలు కూడా చిటపటలాడడానికి కాస్త ఆలోచించేవి. పక్కింటి పెద్దాయన కంచె మీంచి తల పెట్టి, దగ్గుతూనే, "స్మెల్స్ గుడ్, లవ్!" అన్నాడు.

"ఏమంటాడే?" అని అత్తగారు మనవరాలిని అడిగారు.

"బాగుంది అంటున్నాడు అమ్మమ్మా."

"అట్టా దగ్గుతూ చెప్పాడేం?"

నేను గాజు తలుపు ఇవతల నిలబడి ఇదంతా చూశాను. ఆవిడ అలా చలిలో నిలబడడం నాకు కష్టంగానే ఉంది. అంతకంటే కష్టంగా ఉన్నది ఆవిడ లోపలికి వస్తూ అన్న మాట.

"ఎంతలే, చిన్నబ్బాయి వచ్చేదాకానే."

అతను ఆ వారమంతా ఆఫీసు పని మీద మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. శనివారం బయల్దేరి కారులో వస్తాడు. ఆదివారం భోజనానికి ఎలాగూ మా ఇంట్లోనే. అంటే నాకు శనివారం వరకు గడువుంది.

"పిడి నేను మారుస్తాను" అని భోజనాల దగ్గర ప్రకటించాను.

మా అమ్మాయి తలెత్తింది. "యూ?"

"ఏం?"

"నథింగ్. జస్ట్ కాల్ బాబాయ్, నాన్నా. హీ కెన్ ఫిక్స్ ఎనీథింగ్."

"మీరుండండి" అంది మా ఆవిడ. ఒంటరిగా ఉన్నప్పుడు నన్ను నువ్వు అంటుంది, వాళ్ళమ్మ ఉన్నప్పుడు హోదా పెంచుతుంది. "కిందటిసారి మీరు అల్మారా బిగిస్తే మేము బట్టలు నేల మీద పెట్టుకున్నాం."

"దాని మాటలకేం గానీ, మీరు పెరుగు వేసుకోండి అల్లుడుగారూ" అన్నారు అత్తగారు.

శనివారం పొద్దున ఆడవాళ్ళు ముగ్గురూ గుడికి వెళ్ళారు. నేను అరిగిన పిడి జేబులో వేసుకుని పెద్ద హార్డ్‌వేర్ కొట్టుకు పోయాను. గుమ్మం దగ్గర యథాప్రకారం ఎవరో స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చందాల కోసం సాసేజీలు కాల్చి అమ్ముతున్నారు. అక్కడ వరసలో నిలబడ్డ మగవాళ్ళందరి చేతుల మీదా పెయింటు మరకలున్నాయి. నేను నా చేతులు జేబులో పెట్టుకుని లోపలికి నడిచాను.

కిటికీ పిడులకే ఒక గోడంతా ఉంది. నా పాత పిడిని ఒక్కొక్కదానితో పోల్చి చూసి, లోపలి పళ్ళు సరిపోయే రకం కనిపెట్టాను. అందులో మళ్ళీ పొట్టిది, పొడుగుది అని రెండున్నాయి. పాతది పొట్టిది. ఇక్కడే నా చదువు పని చేసింది. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. పిడి ఎంత పొడుగైతే తిప్పడం అంత తేలిక. అత్తగారి మోచేతులకు మొదటి నుంచీ నొప్పులు. ఇలాంటి ఆలోచన మా తోడల్లుడికి తట్టి ఉండేది కాదు, అతను చదివింది కామర్స్. పొడుగుదే తీసుకున్నాను.

ఇంటికొచ్చి, కుళాయి మెడను పక్కకు తిప్పేసి, సింకు మీదికి వంగి, డబ్బాలోంచి పొడుచుకొచ్చిన పాత ములికికి కొత్త పిడి దిగేసి, పక్కనున్న చిన్న మర బిగించాను. తిప్పాను. గొలుసు బుద్ధిగా బయటికొచ్చింది, కిటికీ తెరుచుకుంది. మూసి మళ్ళీ తెరిచాను. చలిగాలి ముఖానికి తగిలింది. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు. కిటికీ మూసేసి, పనిముట్లు సర్దేసి, గట్టు తుడిచేసి, హాల్లోకి పోయి పేపరు పట్టుకుని కూర్చున్నాను. ఎవరో ఒకరు అడిగితే "ఆ, అదా" అనాలని అనుకున్నాను.

గుడి నుంచి వచ్చీ రాగానే అత్తగారు చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళారు.

"ఇదుగో, పిడి వచ్చేసిందే! అమ్మాయ్, చూశావటే, చిన్నబ్బాయి వచ్చి పెట్టేసి పోయాడు. ఇంటికైనా పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చినట్టున్నాడు. అంత దూరం కారు తోలుకుని!"

నేను పేపరు దించాను.

"మీరైనా ఆపొద్దూ అల్లుడుగారూ? కాఫీ తాగి పొమ్మనొద్దూ?"

అది తిట్టుకు చాలా దగ్గరగా వచ్చింది. ఆ సంతోషంలో ఒక్క క్షణం ఆలస్యమైంది. "అది నేనే" అనే మాటను గొప్ప చెప్పుకున్నట్టు కాకుండా ఎలా అనాలా అని సవరించుకుంటూ ఉండగానే ఆవిడ ఫోను కలిపేసి స్పీకర్ పెట్టేశారు. అవతల కారు హోరు.

"ఏమయ్యా, ఏంటయ్యా ఆ తొందర? చెప్పా పెట్టకుండా పని చేసేసి పోతావా?"

"ఆఁ అత్తయ్యా... సిగ్నల్... కారులో ఉన్నా... వినపడట్లా... రేపొస్తాగా... సరే సరే..."

ఫోను తెగిపోయింది. అత్తగారు దానివైపు ముచ్చటగా చూశారు.

"చూశారా, చేసిన పని గురించి ఒక్క ముక్క చెప్పుకోడు."

ఇంత జరిగాక "అది నేను" అనడం చిల్లరగా ఉంటుంది. నేను మళ్ళీ పేపరు ఎత్తాను. కాసేపటికి మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వేనా?"

"నేనే."

"చెప్పొచ్చుగా!"

"ఆవిడే తెలుసుకోవాలి."

"ఎట్లా? వేలిముద్రలు తీయించా?"

సాయంత్రం అసలు ముచ్చట బయటపడింది. అత్తగారు చారు పోపు పెట్టబోతూ కిటికీ పిడి తిప్పారు. సగం చుట్టు తిరిగి టంగుమని ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు, మళ్ళీ టంగు. పొడుగు పిడి పోయి కుళాయి మెడకు కొట్టుకుంటోంది. నేను బిగించేటప్పుడు కుళాయిని పక్కకు తిప్పి ఉంచాను కదా, నాకు తెలియలేదు. ఇప్పుడు కిటికీ తెరవాలంటే ముందు కుళాయి పక్కకు నెట్టాలి. నెడితే దాని మూతిలో మిగిలిన నీళ్ళు గట్టు మీద కారతాయి. గట్టు మీద పోపుల పెట్టె.

"హవ్వ! కిటికీకీ కుళాయికీ కలిపి పెట్టాడు! రేపు రానీ, వీడి సంగతి చెప్తా."

నాకు రావాల్సిన తిట్టు, నేను సంపాదించుకున్న తిట్టు, వేరే చిరునామాకు వెళ్ళిపోతోంది. ఆ రాత్రి భోజనంలో నాకు చారు రుచించలేదు.

ఆదివారం తోడల్లుడు ఇంకా చెప్పులు విప్పకముందే ఆవిడ రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయారు.

"కళ్ళెక్కడ పెట్టుకుని బిగించావయ్యా? చూడు, నువ్వే తిప్పు. తిప్పు! టంగుమందా? కిటికీ తీసినప్పుడల్లా కుళాయితో కుస్తీ పట్టాలా నేను? ఈ వయసులో? నా పోపుల పెట్టెలో జీలకర్ర మొత్తం నానబెట్టావు. ఇదా నీ పనితనం? మిక్సీ బాగుచేశాడు, మిక్సీ బాగుచేశాడని ఊరంతా చెప్పుకున్నానే, నా నోరు పడిపోను!"

అతను పిడి వంక చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నా వంక చూశాడు. తెలివైనవాడు, అర్థమైపోయింది.

"తప్పయింది అత్తయ్యా. చూసుకోలా."

"చూసుకోలేదంట! తిండికొచ్చేటప్పుడు మాత్రం దారి బాగా కనపడుతుంది!"

అతను నవ్వుతూ తల వంచుకున్నాడు. వీపు మీద తువ్వాలుతో ఒకటి పడింది. నేను వడ్డించుకున్న విస్తరి ముందు ఇంకొకడు కూర్చుని తింటుంటే చూస్తున్నట్టు నిలబడ్డాను. పైగా అతను మంచితనంతో తింటున్నాడు. అది మరీ భరించరానిది.

"అది నేను పెట్టిన పిడి" అన్నాను. అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

అత్తగారు వెనక్కి తిరిగారు.

"మీరా?"

"నేనే అత్తయ్యగారూ. పొడుగుదైతే తేలిగ్గా తిరుగుతుందని. కుళాయి సంగతి చూసుకోలేదు. పూర్తిగా నా తప్పే."

నేను కాస్త ముందుకు జరిగాను. తువ్వాలు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ దాన్ని నెమ్మదిగా మడతపెట్టి, భుజం మీద వేసుకుని, కొంగు సర్దుకున్నారు.

"అదా... బాగుందండీ. గట్టిగా ఉంది. పాతదాని కంటే ఇదే నయం, చేతికి ఆనుతోంది."

తర్వాత ఆవిడ కూతురి మీదికి తిరిగారు. "సిగ్గు లేదుటే నీకు? ఆయన చేత ఈ పనులు చేయిస్తావా? రేపు నలుగురూ వింటే నన్నంటారా, నిన్నంటారా?"

"నేనేం చేయించలేదమ్మా!"

"నువ్వైనా చెప్పొద్దుటే నాన్నకి?" ఇది మనవరాలికి.

"వాట్ డిడ్ ఐ డూ?"

"నువ్వు శనివారం పెందలాడే వచ్చుంటే ఆయనకీ తిప్పలుండేవా?" ఇది మళ్ళీ చిన్నబ్బాయికి.

గదిలో ఉన్నవాళ్ళందరికీ అందింది. అప్పుడే కారు పెట్టి లోపలికొస్తున్న నా మరదలికి కూడా, నువ్వేం చేస్తున్నావని ఒకటి అందింది. నాకు మాత్రం కుర్చీ లాగి వేశారు.

"నా కారులో పొట్టి పిడి ఉంది అత్తయ్యా" అన్నాడు తోడల్లుడు. "మొన్న మీరు ఫోన్లో చెప్పాక అక్కడే కొన్నా. రెండు నిమిషాల పని, మార్చేస్తా."

"నోరు మూసుకో. ఆయనంత శ్రమపడి పెట్టింది పీకుతావా? అంత మర్యాద తెలీకుండా పెరిగావా?"

"నిజంగా మార్చమనండి, నాకేం పట్టింపు లేదు" అన్నాను.

"అబ్బెబ్బే, ఇదే బాగుంది. మీరు కూర్చోండి."

భోజనాలయ్యాక మేమిద్దరం పెరట్లో ఎండలో నిలబడ్డాం. అతను పొట్టి పిడిని చేతిలో తిప్పుతున్నాడు.

"మీకేం అన్నయ్యా" అన్నాడు. "ఏం చేసినా బాగుందంటారు. ఆ మిక్సీ ముట్టుకోకుండా ఉంటే నేనూ ఈపాటికి కుర్చీలో ఉండేవాణ్ణి."

"మార్చుకుందామా?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. లోపలి నుంచి కేక వినపడింది. "ఏమయ్యా! చెత్తబుట్ట నిండిపోయింది, ఎవరు పారేస్తారనుకున్నావ్?"

అతను వెళ్ళాడు. చెత్తబుట్టను చూసి కూడా అసూయపడే స్థితికి మనిషి రాగలడని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

పొడుగు పిడి ఇప్పటికీ అక్కడే ఉంది. అత్తగారు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఇంటికి ఎవరైనా తెలుగువాళ్ళు వస్తే వంటింట్లోకి పిలిచి మరీ చూపిస్తారు. "మా పెద్దల్లుడుగారు పెట్టారు" అంటారు. వాళ్ళు తిప్పి చూడబోతే వారిస్తారు. రోజూ పొద్దున నేను హాల్లో ఉండగా వంటింట్లోంచి చప్పుళ్ళు వరసగా వినిపిస్తాయి. ముందు కుళాయి మెడ కీచుమంటుంది, తర్వాత గట్టు మీద నీళ్ళు పడతాయి, తర్వాత గుడ్డతో తుడవడం, ఆ తర్వాత గొలుసు కరకరా బయటికి పోవడం. చిట్టచివర్న పోపు. వీటిలో ఎక్కడా ఒక మాట ఉండదు.

నిన్న మాత్రం నీళ్ళు కాస్త ఎక్కువే కారినట్టున్నాయి. ఆవిడ ఏదో గొణిగారు. చిన్న గొంతుతో, కానీ కాస్త పొడుగ్గానే. నేను పేపరు పక్కన పెట్టి, చప్పుడు కాకుండా లేచి, గుమ్మం దాకా వెళ్ళి చెవి ఒగ్గాను. సరిగ్గా అప్పుడే ఆవాలు చిటపటలాడాయి. ఒక్క ముక్క కూడా వినపడలేదు. నన్నే అయ్యుంటుందని నా నమ్మకం.